‘14 శాతం టెండర్ ఓట్లు పడితే రీపోలింగ్’: చట్టంలో లేని నిబంధన

ఎన్నికలు దగ్గర పడిన ప్రతిసారీ వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం తిరుగుతుంది. ఓటర్ల జాబితాలో పేరు లేకపోయినా ఆధార్ కార్డు చూపి, సెక్షన్ 49ఏ కింద ‘ఛాలెంజ్ ఓటు’ అడిగి వేయవచ్చని, మన ఓటు అప్పటికే ఎవరో వేసేసి ఉంటే ‘టెండర్ ఓటు’ అడగాలని, ఏ పోలింగ్ కేంద్రంలోనైనా టెండర్ ఓట్లు 14 శాతం దాటితే అక్కడ రీపోలింగ్ జరుపుతారని దాని సారాంశం. వీటిలో మొదటిదీ చివరిదీ అబద్ధం. నడిమిది నిజమే అయినా, ఆ ఓటు ఏమవుతుందన్న సంగతి సందేశంలో ఉండదు.

మొదట జాబితాలో పేరు లేని వారి సంగతి. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 62వ సెక్షన్ ప్రకారం, నియోజకవర్గ ఓటర్ల జాబితాలో ప్రస్తుతం పేరు నమోదై ఉన్నవారికే అక్కడ ఓటు వేసే అర్హత ఉంటుంది. ఆధార్ గానీ, పాస్‌పోర్టు గానీ, చివరకు ఎన్నికల సంఘమే ఇచ్చిన ఓటరు కార్డు గానీ వచ్చిన మనిషి ఎవరో నిర్ధారించడానికే పనికివస్తాయి. జాబితాలో లేని పేరును అవి చేర్చలేవు. పోలింగ్ రోజున చేర్చే అధికారం పోలింగ్ కేంద్రం బాధ్యతలు చూసే ప్రిసైడింగ్ అధికారికి లేదు, ఆయన పై అధికారులకూ లేదు. నామినేషన్ల ఆఖరి తేదీ దాటాక ఎన్నిక ముగిసేదాకా జాబితాలో చేర్పులు, తొలగింపులు చేయరాదని 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 23వ సెక్షన్ చెబుతోంది. పేరు చేర్చుకోవడానికి ఫారం 6 ఉంది. దాన్ని సాధారణంగా నామినేషన్ల ఆఖరి తేదీకి పది రోజుల ముందు వరకే తీసుకుంటారు. 2018 డిసెంబరు 7న తెలంగాణ శాసనసభ ఎన్నికల్లో చాలామంది తమ పేర్లు గల్లంతయ్యాయని వాపోయారు. రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి బహిరంగంగా క్షమాపణ కూడా చెప్పారు. అయినా ఆ రోజు వారిచేత ఓటు వేయించే దారి ఆయనకూ లేకపోయింది.

ఇక ‘49ఏ’. ఎన్నికల నిర్వహణ నిబంధనలు, 1961లో ఆ సంఖ్యతో ఒక నియమం ఉన్న మాట వాస్తవమే. ఈవీఎంలో కంట్రోల్ యూనిట్, బ్యాలెటింగ్ యూనిట్ ఉండాలని చెప్పే నియమం అది. ఓటరు హక్కుకూ దానికీ సంబంధం లేదు.

ఛాలెంజ్ ఓటు విషయంలో సందేశం అసలు అర్థాన్నే తలకిందులు చేసింది. ఓటు వేయడానికి వచ్చిన వ్యక్తి జాబితాలోని ఆ మనిషి కాదని అనుమానం కలిగితే, ప్రిసైడింగ్ అధికారి దగ్గర రెండు రూపాయలు జమచేసి అభ్యంతరం చెప్పే అవకాశం అభ్యర్థి తరఫున అక్కడ కూర్చునే పోలింగ్ ఏజెంటుకు ఉంది. అధికారి అక్కడికక్కడే విచారించి, అభ్యంతరం రుజువు కాకపోతే ఓటు వేయనిస్తారు, రుజువైతే వెనక్కి పంపుతారు. అంటే సవాలు ఎదుర్కొనేది ఓటరు. పేరు లేని మనిషి వెళ్లి ‘నాకు ఛాలెంజ్ ఓటు ఇవ్వండి’ అని అడిగితే, ఇవ్వడానికి అక్కడ ఏమీ ఉండదు. ఇలాంటి ఓట్ల వివరాలు రాసే పత్రం సంఖ్య మాత్రం ఫారం 14. సందేశంలోని 14కు దగ్గరగా ఈ వ్యవహారంలో కనిపించే అంకె అదొక్కటే.

టెండర్ ఓటు మాత్రం నిజంగానే ఉంది. మీ పేరు మీద ఎవరో ముందే ఓటు వేసి వెళ్లారని తేలితే, మీరు మీరేనని ప్రిసైడింగ్ అధికారికి నమ్మకం కలిగించే సమాధానాలు చెప్పి, అదే 1961 నిబంధనల్లోని 49పీ నియమం కింద ఓటు వేయవచ్చు. ఆ ఓటు ఈవీఎంలో పడదు. వెనుక ‘టెండర్ బ్యాలెట్’ అని రాసిన కాగితం ఇస్తారు. మీరు ఫారం 17బీలో సంతకం చేసి, ఆ కాగితంపై ముద్ర వేసి, మడిచి ఇస్తే దాన్ని విడిగా ఒక కవరులో ఉంచుతారు. లెక్కింపు రోజున ఆ కవరు తెరవకూడదనీ, అందులోని ఓట్లు లెక్కించకూడదనీ నిబంధనే ఉంది. ఎన్నికను సవాలు చేస్తూ హైకోర్టులో పిటిషన్ పడి, కోర్టు ఆదేశిస్తే తప్ప అది బయటికి రాదు. అలాగని అది వృథా కాదు. 2008లో రాజస్థాన్‌లోని నాథ్‌ద్వారా నియోజకవర్గంలో కాంగ్రెస్ నేత సీపీ జోషి ఒకే ఒక్క ఓటు తేడాతో ఓడిపోయారు. అప్పుడు దాఖలైన పిటిషన్‌లో టెండర్ ఓట్ల సంగతి వివాదాంశమై సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. కాబట్టి మీ ఓటు ఇంకొకరు వేసి ఉంటే టెండర్ ఓటు అడగవలసిందే, కానీ లెక్కింపు రోజు ఫలితంలో అది కలుస్తుందని అనుకోకూడదు.

14 శాతం మాట ఏ చట్టంలోనూ, ఏ నియమంలోనూ లేదు. ఏర్పాట్లు చూసినా ఇది పొసగదు: ఒక్కో పోలింగ్ కేంద్రానికి టెండర్ ఓట్ల కోసం సాధారణంగా 20 బ్యాలెట్ కాగితాలే ఇస్తారు, వెయ్యి ఓట్లు పోలైన చోట 14 శాతమంటే 140. రీపోలింగ్‌కు కారణాలు వేరే. యంత్రం ధ్వంసం కావడం, దాన్ని ఎత్తుకుపోవడం, ఫలితం తేల్చలేనంతగా చెడిపోవడం, పోలింగ్ చెల్లకుండా పోయేంత లోపం జరగడం వంటివి 1951 నాటి చట్టం 58వ సెక్షన్‌లోనూ, బూత్ ఆక్రమణ 58ఏలోనూ ఉన్నాయి. నియోజకవర్గంలో ఎన్నికను నడిపే రిటర్నింగ్ అధికారి, పరిశీలకుల నివేదికలు చూశాక నిర్ణయించేది ఎన్నికల సంఘమే. 2019 ఏప్రిల్ 11న పోలింగ్ జరిగిన ఆంధ్రప్రదేశ్‌లో, చంద్రగిరి నియోజకవర్గంలోని కొన్ని కేంద్రాల్లో ఓటర్లను అడ్డుకున్నారన్న ఫిర్యాదులు వచ్చాయి; వాటిపై మే 19న మళ్లీ పోలింగ్ జరిపారు. ఆ నిర్ణయానికి ఆధారం టెండర్ ఓట్ల శాతం కాదు.

సందేశం చెప్పని ఉపయోగకరమైన విషయం ఇంకొకటి ఉంది. ఇంటింటి పరిశీలనలో కనబడని వారిని ‘గైర్హాజరు, వలస, మృతి’ అంటూ వేరే పట్టికలో రాసి పోలింగ్ సిబ్బందికి ఇస్తారు. అందులో మీ పేరు చేరినా, అసలు జాబితాలో ఉన్నంతవరకు మీ ఓటు పోదు. గుర్తింపు పత్రం చూపి, సంతకం, వేలిముద్ర ఇచ్చి మామూలుగా ఈవీఎంలోనే వేయవచ్చు. ‘మీ పేరు కొట్టేశారు’ అని ఎవరైనా అంటే, ముందు అది ఏ జాబితానో అడగండి.