ఫాస్ఫేట్ సున్నా చూపిస్తే నమ్మకండి

ఉప్పునీటి అక్వేరియంలో నాచు పెరిగితే లైటు తగ్గిస్తే చాలని ఒక వ్యాసంలో చదివాను. లైటు తగ్గిస్తే కొన్నాళ్లు వెనక్కి తగ్గుతుంది, నిజమే. కానీ నీళ్లలో నాచుకు మేతైన నైట్రేట్, ఫాస్ఫేట్ ఉన్నంతకాలం మళ్లీ వస్తుంది. నా ట్యాంకులో రాళ్ల మీద జుట్టులాంటి పచ్చనాచు వేలెడు పొడవు పెరిగినప్పుడు కూడా టెస్ట్ కిట్ ఫాస్ఫేట్ సున్నా అనే చూపించింది. ఉన్నదంతా నాచే పీల్చేసుకుంటోందని అర్థం కావడానికి చాలా రోజులు పట్టింది. ఆ టెన్షన్ ఇంకెవరికీ వద్దు.

చివరికి రాయిని బయటికి తీసి, ట్యాంకులోంచి తోడిన నీళ్ల బకెట్లో పెట్టి, టూత్‌బ్రష్‌తో రుద్ది పీకాను. ట్యాంకులోనే పీకితే తెగిన పోగులు ఇంకోచోట అంటుకుంటాయి. ట్యాంకుకి వాడేవి ఆర్‌ఓ డీఐ నీళ్లే (ఫిల్టర్‌తో లవణాలన్నీ తీసేసినవి) అయ్యుండాలి, ఉప్పు కలపకముందు వాటి టీడీఎస్ (నీళ్లలో కరిగి ఉన్న పదార్థాల లెక్క) సున్నా రావాలి. ఫ్రోజెన్ మేత కరిగిన నీళ్లలోనూ ఫాస్ఫేట్ ఉంటుంది, అవి వంపేశాకే మేత వేయండి. టర్బో నత్తలు పొట్టి నాచును బాగా మేస్తాయి, పొడవు పెరిగినదాన్ని అంతగా ముట్టవు.

నీళ్లలోంచి ఫాస్ఫేట్‌ను పీల్చేసే జీఎఫ్‌ఓ (ఐరన్ ఆక్సైడ్ గుళికలు) మాత్రం ఒకేసారి ఎక్కువ వేయకండి. నైట్రేట్, ఫాస్ఫేట్ రెండూ నిజంగానే సున్నాకి పడిపోతే పగడాలు పాలిపోతాయి, గోధుమరంగు జిగురులా డైనోఫ్లాజెలేట్లు (కంటికి కనిపించని ఏకకణ జీవులు) పట్టుకునే ప్రమాదం ఉంది. వాటిని వదిలించుకోవడం పచ్చనాచు కంటే చాలా కష్టం.