వత్తుల మిషను

(హన్మకొండ కుమార్‌పల్లిలో ఒక ఇల్లు. అత్త రాజవ్వ మూడు తులాల గొలుసును కొంగున ముడేసుకుంటోంది. కోడలు సరిత చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది.)

సరిత: గొలుసు పట్టుకుని ఎటు అత్తమ్మా?

రాజవ్వ: కుదువ పెట్టడానికి. లక్షా డెబ్బై వేలు కావాలె. వత్తుల మిషను కొంటున్న.

సరిత: దీపం వత్తులా?

రాజవ్వ: ఆఁ. దూది కంపెనీవాళ్లే ఇస్తరు, కిలో మూడు వందలు. వత్తులు చేసిస్తే ఆరు వందలకు వాళ్లే కొంటరు. బాండు పేపరు కూడా రాసిస్తరట.

సరిత: దూది మూడు వందలా! 2025-26లో పత్తి మద్దతు ధరే క్వింటాలుకు 8,110. అంటే కిలో 81 రూపాయలు.

రాజవ్వ: అది గింజ పత్తి. గింజ తీయాలె, ఏకాలె. ఎనుమాముల పత్తి మార్కెట్ చూసినదానికి నువ్వు చెప్తవా?

సరిత: సరే, ఆ మాట మీదే. మరి ఆరు వందలకు కొన్న వత్తులను వాళ్లు ఎవరికి అమ్ముతారు?

రాజవ్వ: గుళ్లు లేవా? భద్రకాళమ్మ గుడి ఒక్కటి చాలదా?

సరిత: అంత గిరాకీ ఉంటే వాళ్లే ఒక షెడ్డు వేసి, వంద మిషన్లు పెట్టుకునేవాళ్లు కదా! వాళ్లు అమ్మేది వత్తులు కాదత్తమ్మా, మిషన్లు.

రాజవ్వ: పక్కింటి లక్ష్మికి రెండు నెలలు టంచనుగా పైసలు పడ్డయి!

సరిత: పడతాయి. మీలాంటివాళ్లు కట్టే లక్షా డెబ్బై వేలల్లోంచే పడతాయి. 1920లో అమెరికాలో పాంజీ అనేవాడు 45 రోజుల్లో యాభై శాతం లాభమన్నాడు. కొత్తవాళ్ల పైసలు పాతవాళ్లకు పంచాడు. ఆగస్టుకల్లా అరెస్టయ్యాడు.

రాజవ్వ: అమెరికావాళ్లకు వత్తులేం తెలుసు!

సరిత: ఇంకో ముగ్గుర్ని చేర్పిస్తే కమీషన్ అన్నాడా ఆ మిషను అమ్మేవాడు?

రాజవ్వ: మనిషికి పది వేలు. నీకెట్ల తెలుసు?

సరిత: ఒక్కొక్కరు ముగ్గుర్ని చేర్చుకుంటూ పోతే పదహారో వరుసకు 4.3 కోట్ల మంది కావాలి. 2011 లెక్కల్లో తెలంగాణ జనాభాయే మూడున్నర కోట్లు. చంటిపిల్లలతో సహా అందరూ వత్తులే చేస్తే దీపం పెట్టేదెవరు? ఇట్లాంటి గొలుసు స్కీములు వద్దని 1978లోనే చట్టం చేశారు.

రాజవ్వ: నా గొలుసు నేను కుదువ పెట్టుకుంటే చట్టానికేం నొప్పి?

(రాజవ్వకు లెక్కలు రాక కాదు. ఎదుటివాడు ‘అమ్మా’ అని తీయగా పిలిస్తే మరిచిపోతుంది, అంతే.)

సరిత: కొత్తిమీర కట్ట దగ్గర అయిదు రూపాయలకు అరగంట లొల్లి చేస్తారు. ఇతన్ని ఒక్క రూపాయి తగ్గించమన్నారా?

(రాజవ్వకు పౌరుషం వచ్చింది. ఫోన్ అందుకుంది.)

రాజవ్వ: బాబూ, మిషను పంపియ్యి. పైసలు ఇప్పుడే ఇయ్య. మా వత్తులు మీరే కొంటరు కదా, నెలనెలా ఆ బిల్లుల కోసుకోండ్రి... హలో? హలో!

సరిత: పెట్టేశాడా?

రాజవ్వ: సిగ్నల్ లేదేమో. (మళ్లీ చేసి) స్విచ్ఛాఫ్ వస్తుంది.

సరిత: అయ్యో పాపం, ఛార్జింగ్ అయిపోయినట్టుంది.

రాజవ్వ: నవ్వింది చాలు గానీ, లక్ష్మికి మూడో నెల బిల్లు పడ్డదో లేదో అడిగి రా, పో.