ఆటోనగర్‌కు కావలసింది టెస్ట్ బెంచీ

మైలేజీ పెంచే ఇంజిన్ తయారు చేశానని ఎవరైనా ప్రకటిస్తే లీటరుకు ఎంత వస్తుందని అందరూ అడుగుతారు. ఎలా కొలిచావని అడిగేవాళ్లు మాత్రం తక్కువ. ఆ రెండో ప్రశ్నకు సమాధానం చెప్పే వీలు విజయవాడలో మెకానిక్‌కు దొరకాలన్నదే నా వాదన.

సిలిండర్ బోరింగ్, క్రాంక్ షాఫ్ట్ గ్రైండింగ్, హెడ్డు ఫేసింగ్ లాంటి ఇంజిన్ పనులు చేసే షెడ్లు విజయవాడలోని జవహర్ ఆటోనగర్‌లో పక్కపక్కనే ఉన్నాయి. బజారులో దొరకని భాగాన్ని కొలతలిస్తే లేతు మీద తీసి ఇచ్చేవాళ్లున్నారు. నమూనా ఇంజిన్ రూపొందించడానికి ఇంతకంటే అనువైన చోటు రాష్ట్రంలో మరొకటి లేదని నేను గట్టిగా నమ్ముతాను. లేనిదల్లా, తయారైన ఇంజిన్‌ను పరీక్షించుకోవడానికి అందరికీ అందుబాటులో ఉండే చోటు.

రోడ్డు మీద చూసుకుంటే సరిపోదా అంటారు. సరిపోదు. ట్యాంకు నింపుకుని మంగళగిరి మీదుగా గుంటూరు వెళ్లి వచ్చి, మళ్లీ నింపి లెక్క కడితే తేలేది ఆ ఒక్క ప్రయాణం సంగతి. బెంజ్ సర్కిల్ దగ్గర ఎంతసేపు ఆగారు, టైర్లలో గాలి ఎంత, ఎదురుగాలి ఉందా అన్నవన్నీ ఆ అంకెలో కలిసిపోతాయి. గంటకు 60 కిలోమీటర్ల నుంచి 80కి వెళితేనే గాలి నిరోధం దాదాపు 78 శాతం పెరుగుతుంది. ఇంజిన్‌లో ఒక మార్పుతో వచ్చే లాభం చాలాసార్లు రెండు మూడు శాతమే. రోడ్డు మీది ఇన్ని తేడాల మధ్య అది కనిపించదు. పైగా మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, అనుమతి లేకుండా ఇంజిన్ మార్చిన బండిని రోడ్డెక్కించడమే తప్పు.

బెంచీ మీద ఈ గందరగోళం ఉండదు. ఇంజిన్‌ను నేలకు బిగించి, షాఫ్టుకు డైనమోమీటర్, అంటే ఇంజిన్ మీద భారం మోపి దాని శక్తిని కొలిచే పరికరం, తగిలించి, కావలసినంత లోడు ఇస్తారు. టార్క్ (షాఫ్టును తిప్పే బలం), వేగం, ఖర్చయిన ఇంధనం బరువు కొలుస్తారు. ఒక కిలోవాట్ అవర్ పనికి ఎన్ని గ్రాముల ఇంధనం కాలిందన్నదే అసలు లెక్క. మంచి పెట్రోలు ఇంజిన్ తనకు అనువైన వేగం, లోడు దగ్గర సుమారు 250 గ్రాములు తీసుకుంటుంది. అంటే పెట్రోలులోని శక్తిలో మూడో వంతు మాత్రమే షాఫ్టుకు చేరుతుంది. మిగిలినదంతా ప్రధానంగా రేడియేటర్ గుండా, సైలెన్సర్ గుండా వేడిగా పోతుంది.

రుడాల్ఫ్ డీజిల్ కథ ఇక్కడ గుర్తు చేసుకోవాలి. 1893లో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో ఆయన మొదటి నమూనాలో ఇంధనం మండగానే పీడనం కొలిచే పరికరం పేలి ముక్కలైంది. ఆ తర్వాత దాదాపు మూడున్నరేళ్లు మార్పులు, పరీక్షలతోనే గడిచాయి. 1897 ఫిబ్రవరిలో మ్యూనిక్ ప్రొఫెసర్ మోరిట్జ్ ష్రోటర్ స్వయంగా పరీక్షించి, ఇంజిన్ సామర్థ్యం 26.2 శాతమని తేల్చారు. ఆనాటి ఆవిరి యంత్రాలు అందుకోలేని అంకె అది. తయారుచేసిన మనిషి కాక బయటి మనిషి కొలిచి చెప్పడం వల్లే దానికి విలువ వచ్చింది.

కొలిచే అలవాటు మన మెకానిక్‌లకు లేదనుకుంటే పొరపాటు. డీజిల్ పంపులు బాగుచేసే గదిలోకి వెళ్లి చూడండి. లారీ నుంచి విప్పిన పంపును బెంచీకి బిగించి తిప్పుతుంటే, వరుసగా నిలబెట్టిన గాజు గొట్టాల్లోకి ఒక్కో లైను నుంచి డీజిల్ పడుతుంది. ఆరు గొట్టాల్లోనూ మట్టం సమానంగా వచ్చేదాకా మెకానిక్ సర్దుతూనే ఉంటాడు. మరోవైపు, ఇంజినీరింగ్ కళాశాలల ల్యాబుల్లో డ్రమ్ముకు చుట్టిన తాడు, స్ప్రింగ్ త్రాసు, గాజు బ్యూరెట్ ఉన్న చిన్న డీజిల్ ఇంజిన్లున్నాయి. 10 సీసీ డీజిల్ తగ్గడానికి ఎన్ని సెకన్లు పట్టిందో విద్యార్థులు స్టాప్‌వాచ్‌తో చూసి రికార్డులో రాసుకుంటారు. ఆ పరీక్ష అంతటితో ముగుస్తుంది. పక్కనే ఉన్న కానూరు కళాశాలలకూ ఆటోనగర్‌కూ మధ్య దూరం ఎంత? ఆ విద్యార్థి, ఈ మెకానిక్ ఒకే ఇంజిన్ ముందు నిలబడితే ఎంత పని జరుగుతుందో తలచుకుంటే బాధ కలుగుతుంది.

పరీక్షించడానికి విషయాలకు కొదవ లేదు. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలులో లీటరుకు శక్తి సుమారు ఆరేడు శాతం తక్కువ. అయితే ఇథనాల్‌కు ఆక్టేన్, అంటే నొక్కినా తనంతట తాను మండిపోకుండా తట్టుకునే గుణం, ఎక్కువ కాబట్టి కంప్రెషన్ (సిలిండర్‌లో మిశ్రమాన్ని నొక్కే మేర) పెంచి ఆ నష్టంలో కొంత రాబట్టవచ్చు. ఎంత పెంచవచ్చన్నది మన ఎండలో చూసుకోవాలి. 45 డిగ్రీల గాలి 25 డిగ్రీల గాలికంటే దాదాపు ఆరు శాతం పలుచన. వేడి గాలి లోపలికి వెళితే ఇంజిన్ నాక్ కొట్టే, అంటే మిశ్రమం తనంతట తానే మండి టకటక కొట్టుకునే, ప్రమాదమూ ఎక్కువే. చల్లని గదిలో భేషుగ్గా తిరిగిన ఇంజిన్ మే నెల మధ్యాహ్నం విజయవాడలో మొరాయించవచ్చు.

కాబట్టి ప్రభుత్వం ఆటోనగర్‌లోనే ఒక డైనమోమీటర్ గది కట్టించాలి. నిర్వహణ కళాశాలలకు అప్పగించి, చిన్న షెడ్డు యజమాని భరించగలిగే రుసుము పెట్టాలి. ఇంధనంతో పాటు పొగనూ కొలవాలి. మిశ్రమంలో గాలి పాలు పెంచి పెట్రోలు ఆదా చూపిస్తే పొగలోని హానికర నైట్రోజన్ ఆక్సైడ్లు పెరిగిపోవచ్చు, వాహనాల పొగకు హద్దులు పెడుతూ 2020 ఏప్రిల్ నుంచి అమలులో ఉన్న బీఎస్-6 ప్రమాణాల ముందు అలాంటి ఇంజిన్ నిలవదు. ఫలితాలు అడిగినవారందరికీ చూపాలి. విఫలమైన ఇంజిన్ల లెక్కలు కూడా అందులో ఉండాలి, అదే తప్పును మరో షెడ్డులో మరొకరు సొంత డబ్బు పోసి మళ్లీ చేయకుండా.