రంగం వెళ్ళినవాళ్ళకు పట్టుదల లేదన్న మాట తప్పు

"ఒకే జిల్లా, ఒకే రేవు. కొందరు మారిషస్ ఓడెక్కారు, కొందరు రంగం ఓడెక్కారు. వాళ్ళు ఇవాళ దేశాన్ని ఏలుతున్నారు, వీళ్ళు అయిపూ అజా లేకుండా పోయారు. తేడా ఒక్కటే, పట్టుదల." ఇలా మొదలయ్యే పొడుగాటి వాట్సాప్ సందేశం ఒకటి సోంపేట, ఇచ్ఛాపురం, పలాస వైపు నెల రోజులుగా తిరుగుతోంది. రంగం అంటే రంగూన్ (ఇప్పటి యాంగోన్), బర్మా (ఇప్పటి మయన్మార్) రేవు పట్నం. నాకే నలుగురు పంపారు. ఆఖరున పంపినవాడు మా మేనల్లుడు. "ఎంత బాగా రాసాడో చూడు మావా" అని కూడా పెట్టాడు. వాడి ముత్తాత, అంటే మా తాత, రంగంలో నలభై ఏళ్ళు బతికిన మనిషి. అందుకే ఊరుకోలేక ఇది రాస్తున్నాను.

సందేశం చెప్పేది ఇది. ఇద్దరూ ఒకే కాలంలో ఒకే రకం ఒప్పందం మీద వెళ్ళారట. మారిషస్ తెలుగువాళ్ళు కష్టపడి చెరకు తోటలకు యజమానులై, పాలకులయ్యారట. బర్మా తెలుగువాళ్ళు సంపాదించినదంతా తాగి, ఆడి, 1964లో ఉత్త చేతులతో తిరిగొచ్చారట. వాళ్ళు భాష నిలుపుకున్నారట, వీళ్ళు మరిచిపోయారట. చివర్లో మారిషస్ తెలుగు కుటుంబానికి సగటు ఆదాయం ఇంత, బర్మా తెలుగు కుటుంబానికి ఇంత అని ఒక పట్టిక.

ముందు ఆ పట్టికను పక్కన పెట్టేద్దాం. మారిషస్ జనాభా లెక్కల్లో 1972 తర్వాత ఎవరు ఏ వర్గమని అడగడం మానేశారు. మయన్మార్‌లో 2014 లెక్కల్లో జాతి అడిగారు గానీ ఆ వివరాలను ప్రభుత్వం పూర్తిగా బయటపెట్టనే లేదు. రెండు దేశాల్లోనూ ప్రభుత్వం వెల్లడించని అంకెల్ని రూపాయల దాకా లెక్కగట్టి పట్టికలో వేశారంటే, అవి కల్పించినవే.

ఇక "ఒకే కాలం, ఒకే ఒప్పందం" అన్నమాట. ఇక్కడే అసలు తప్పంతా ఉంది.

మారిషస్‌లో 1835లో బానిసత్వం రద్దయింది. చెరకు తోటలకు కూలీలు కావలసి వచ్చి ఐదేళ్ళ ఒప్పందం మీద మన దేశం నుంచి జనాన్ని తీసుకెళ్ళారు. అన్ని ప్రాంతాలవాళ్ళూ కలిపి నాలుగున్నర లక్షల దాకా వెళ్ళారు. వాళ్ళలో తెలుగువాళ్ళు మొదట కోరంగి రేవు నుంచి, తర్వాత మద్రాసు నుంచి ఎక్కారు. తెరచాప ఓడ, వారాల తరబడి నీళ్ళ మీద ప్రయాణం. ఒక్కసారి వెళ్ళినవాడు పెళ్ళికీ చావుకీ ఇంటికి రాలేడు. ఓడలో మగవాళ్ళతో పాటు ఇంతమంది ఆడవాళ్ళు ఉండి తీరాలని సర్కారు నియమం పెట్టింది కాబట్టి అక్కడే పెళ్ళిళ్ళయ్యాయి, అక్కడే పురుళ్ళయ్యాయి. రెండో తరానికల్లా అదే సొంతూరయింది.

రంగం సంగతి అలా కాదు. బర్మా 1937 దాకా బ్రిటిష్ ఇండియాలో ఒక భాగం. అక్కడికి వెళ్ళడమంటే పరదేశం వెళ్ళడం కాదు, కాబట్టి మారిషస్ కూలీకి కాగితం మీదైనా ఉన్న ఐదేళ్ళ ఒప్పందం, తిరుగు ఛార్జీ, విచారణాధికారి వీళ్ళకు లేనే లేవు. ఉన్నవాడల్లా మేస్త్రీ. ఊళ్ళో బయానా ఇచ్చి, టిక్కెట్టు కొని, జట్టు కట్టి తీసుకెళ్ళి, ఆ బాకీ జీతంలోంచి ఏళ్ళ తరబడి కోసుకునేవాడు. బారువలోనో కళింగపట్నంలోనో భీమిలిలోనో పొగ ఓడెక్కితే నాలుగైదు రోజుల్లో రంగం. మిల్లులు నడిచే నెలలు అక్కడ, మిగతా నెలలు ఇక్కడ. ఆడవాళ్ళు చాలా తక్కువగా వెళ్ళారు. 1931 లెక్కల ప్రకారం బర్మాలో భారతీయులు పది లక్షల పైచిలుకు, వాళ్ళలో తెలుగువాళ్ళు లక్షన్నరకు పైగా. ఓడల్లో సరుకు ఎత్తి దించేవాళ్ళు, బియ్యం మిల్లుల్లో మూటలు మోసేవాళ్ళు, రిక్షా లాగేవాళ్ళు. కోరంగి రేవు పేరు మీదే బర్మావాళ్ళు మనల్ని "కోరంగీలు" అనేవారు.

ఇందులోంచి సందేశం రాసిన పెద్దమనిషికి తట్టని సంగతి ఒకటుంది. రంగం కూలీ సంపాదన రంగంలో మిగల్లేదు, మనీయార్డరు మీద మన ఊళ్ళకు వచ్చింది. ఉద్దానంలో పాతకాలపు పెంకుటిళ్ళ టేకు దూలాలు చూడండి. ఆ డబ్బుతో ఎన్ని కొబ్బరి తోటలు కొన్నారో, ఎంతమంది ఆడపిల్లల పెళ్ళిళ్ళు చేశారో పెద్దవాళ్ళను అడగండి. మారిషస్ కూలీ ఆస్తి మారిషస్‌లో కనబడుతుంది. రంగం కూలీ ఆస్తిని యాంగోన్‌లో వెతికితే ఎలా దొరుకుతుంది? సోంపేటలో వెతకాలి.

"తోటల యజమానులై దేశాన్ని ఏలుతున్నారు" అన్నది ఇంకో ముక్క. మారిషస్ తెలుగువాళ్ళు కష్టపడ్డారు, అందులో నాకు ఏ సందేహమూ లేదు. ఒక రోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోసేవారు. ఒప్పందం తీరినవాడు కూడా ఫోటో అంటించిన చీటీ లేకుండా రోడ్డు మీద కనబడితే పనీపాటా లేక తిరిగేవాడని 1867 చట్టం కింద పట్టుకుపోయేవారు. అలాంటి చోట నిలదొక్కుకోవడం మామూలు మాట కాదు. కానీ పెద్ద తోటలూ మిల్లులూ మొదటి నుంచీ ఎక్కువగా ఫ్రెంచి సంతతి కుటుంబాల చేతుల్లోనే ఉన్నాయి. మనవాళ్ళకు దక్కినవి చిన్న ముక్కలు. చక్కెర ధర పడిపోయినప్పుడు తోటల దొరలు అంచుల్లోని నేలను ముక్కలు చేసి అమ్ముకున్నారు, కూడబెట్టుకున్న కూలీలు కొన్నారు. 1920ల నాటికి చెరకు భూమిలో మూడో వంతుకు పైగా భారతీయ సంతతి వాళ్ళ చేతికి వచ్చింది. అంటే అక్కడ కూలీకి భూమి అమ్మేవాడున్నాడు, దస్తావేజు అతని పేరున రాసిచ్చే చట్టముంది.

ఏలడం మాటకొస్తే, 1968లో స్వాతంత్ర్యం వచ్చాక ఇప్పటికి ఐదుగురు ప్రధానులయ్యారు. నలుగురు ఉత్తర భారత మూలాలవాళ్ళు, ఒకరు ఫ్రెంచి మూలాలాయన. తెలుగువాళ్ళు అక్కడ నూటికి ఇద్దరో ముగ్గురో. వాళ్ళలో ఎంపీలు, మంత్రులు అయినవాళ్ళున్నారు, ఉగాది ప్రభుత్వ సెలవు, 1990లో ప్రపంచ తెలుగు మహాసభలు అక్కడ జరిగాయి. గర్వపడదాం. కానీ లేని ప్రధాని పదవి అంటగట్టక్కర్లేదు.

మారిషస్ పైకెలా వచ్చిందో కూడా చెప్పాలి. 1948 ఎన్నికలకు ముందు, తన భాషలో నాలుగు ముక్కలు రాయగలిగిన ప్రతి వయోజనుడికీ ఓటిచ్చారు. తెలుగులో రాసినా సరే. ఆ ఓటుతోనే కూలీ కొడుకులు శాసనసభకు వెళ్ళారు. 1975 నుంచి యూరప్ దేశాలు మంచి ధరకు ఇంత చక్కెర కొంటామని ఒప్పందం చేసుకున్నాయి. 1977లో హైస్కూలు చదువు ఉచితమైంది. బట్టల ఫ్యాక్టరీలొచ్చాయి. ఇవేవీ లేకముందు, 1961లో జేమ్స్ మీడ్ అనే ఆర్థికవేత్త ఆ దీవి భవిష్యత్తు మీద ఏమాత్రం ఆశ కనబడని నివేదిక రాశాడు. తర్వాత ఆయనకు నోబెల్ బహుమతి కూడా వచ్చింది. 1961లో అక్కడ ఉన్నవాళ్ళు కూడా ఈ తెలుగువాళ్ళే. మరి అప్పటికి వాళ్ళకు పట్టుదల లేదా?

ఇదే సందేశం 1930కి కాస్త ముందు ఎవరైనా రాసి ఉంటే తలకిందులుగా రాసేవారు. అప్పటికి బర్మా ప్రపంచంలోనే అందరికంటే ఎక్కువ బియ్యం అమ్మే దేశం. రంగం పట్నంలో సగం మందికి పైగా భారతీయులు. రంగం అల్లుడంటే మా వైపు ఎదురెళ్ళి పిల్లనిచ్చేవారు. మారిషస్ వెళ్ళినవాడి గురించి ఊళ్ళో అనే మాట ఒక్కటే, "పోనాడు, మరి రాడు".

భాష గురించి ఒకటి నా కళ్ళతో చూశాను. రెండేళ్ళ క్రితం మారిషస్ నుంచి ఒక జంట సింహాచలం వచ్చి, అప్పన్న దర్శనం చేసుకుని, ముత్తాత ఊరు వెతుక్కుంటూ మా వైపు వచ్చారు. మా ఇంట్లో భోజనం చేశారు. ఆవిడకు తెలుగు మాటలు గట్టిగా పది రావు, ఇంట్లో క్రియోల్ (ఫ్రెంచి నుంచి పుట్టిన అక్కడి వాడుక భాష) మాట్లాడతారట. కానీ రామభజన ఎత్తుకుంటే పల్లవి నుంచి చివరిదాకా తప్పులేకుండా పాడింది. అక్కడ సింహాద్రి అప్పన్న పూజ చేస్తారు, అమ్మోరు పండగ చేస్తారు. మా అమ్మ కళ్ళు తుడుచుకుంటూనే ఉంది. అది గొప్ప సంగతే. అయితే అది ఎలా నిలిచిందో ఆవిడే చెప్పింది. చిన్నప్పుడు సర్కారు బడిలో తెలుగు పీరియడు ఉండేదట, మాస్టారుకి సర్కారే జీతమిచ్చేదట. 1947లో పెట్టుకున్న ఆంధ్ర మహాసభ ఉంది, మహాత్మా గాంధీ సంస్థలో తెలుగు చెబుతారు. బర్మాలో 1965లో ప్రైవేటు బళ్ళన్నీ ప్రభుత్వం తీసేసుకుంది, మన భాషల బళ్ళు వాటితో పాటే పోయాయి. బడి పోయిన చోట పిల్లవాడు అక్షరం మరిచిపోతే ఆ నింద తల్లిదండ్రుల మీద వేస్తామా?

ఇక మిగిలింది అన్నిటికన్నా నన్ను బాధపెట్టిన మాట. "తాగి, ఆడి, ఉత్త చేతులతో వచ్చారు."

తాగినవాళ్ళు లేరని నేననను. రోజంతా బస్తాలు మోసి, రాత్రి ఒక గదిలో పది పదిహేనుమంది పడుకునే మగవాళ్ళ మధ్య తాగుడు ఉంది. మేస్త్రీలే పోయించి బాకీలో రాసుకునేవారని మా తాతే చెప్పేవాడు. కానీ లక్షన్నర మంది కుప్పకూలింది కల్లు వల్ల కాదు.

1930 మేలో రంగం రేవులో తెలుగు కూలీలు జీతం పెంచమని సమ్మె చేశారు. ఓడల్లో సరుకు ఎత్తి దించే పని చేయించే స్టీవిడోర్ కంపెనీలు బర్మా కూలీలను దింపాయి. సమ్మె తేలగానే మనవాళ్ళను పన్లోకి పిలిచి వాళ్ళను పొమ్మన్నాయి. ఆ మంట మనవాళ్ళ మీద పడింది, కొద్ది రోజుల్లో వందమందికి పైగా చచ్చిపోయారు. ఆ కాలంలోనే ధరలు కూలి, బర్మా రైతుల పొలాలు అప్పుల కింద చెట్టియార్ల (తమిళ వడ్డీ వ్యాపారుల) చేతుల్లోకి పోయాయి. పొలాలు పోయినవాడి కోపం షావుకారు మీద తీరదు కదా, వీధిలో కనబడే రిక్షావాడి మీద తీరుతుంది. 1938లో మళ్ళీ అల్లర్లు. 1941 డిసెంబరు 23న జపాను బాంబులు పడ్డాయి. ఆ తర్వాత నెలల్లో దాదాపు ఐదు లక్షల మంది అరకాన్ మీదుగా, మణిపూర్ మీదుగా ఇటు బయల్దేరారు, ఎక్కువమంది కాలినడకనే. వేలాదిమంది కలరాతో, ఆకలితో దారిలోనే పోయారు. మా తాత తమ్ముడు ఆ నడకలోనే పోయాడు. ఎక్కడో, ఏ రోజో తెలియక ఇంట్లో ఇప్పటికీ మహాలయ అమావాస్యనాడే ఆయనకు పెడతారు.

మా తాత, మామ్మ బర్మాలోనే పెగూ పట్నం దగ్గర ఒక పల్లెలో తలదాచుకుని ఉండిపోయారు. యుద్ధం పోయాక మళ్ళీ మిల్లు, తర్వాత ఒక చిన్న కిరాణా కొట్టు. పౌరసత్వానికి అర్జీ పెట్టుకోవచ్చని 1948 చట్టంలో ఉంది. ఎలాగూ ఊరికి వెళ్ళిపోతాం కదా అని చాలామంది పెట్టలేదు, పెట్టినవాళ్ళలో చాలామంది ఫైళ్ళు కదల్లేదు. మా తాత పెట్టలేదు. అది ఆయన పొరపాటే, ఒప్పుకుంటాను. 1962లో నే విన్ సైనిక ప్రభుత్వం వచ్చింది. 1964 మార్చిలో కొట్లు జాతీయం చేశారు. మే నెలలో యాభై, వంద క్యాట్ల నోట్లు చెల్లవన్నారు. ఆ కొన్నేళ్ళలో మూడు లక్షల మంది దాకా భారతీయులు దేశం వదిలారు. బంగారం తేవడానికి వీల్లేదు.

రేవులో తనిఖీ దగ్గర మా మామ్మ మెళ్ళో పుస్తెలు తియ్యమన్నారు. తీసి బల్ల మీద పెట్టింది. కొంగు ముడిలోంచి పసుపుకొమ్ము తీసి, తాడుకి కట్టుకుని, ఓడెక్కింది. విశాఖలో దిగేటప్పుడు ఆమె మెళ్ళో ఉన్నది అదే. కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపు అని ఇప్పటికీ ఒక పేట ఉంది, అలా దిగినవాళ్ళలో చాలామంది కాపురాలు మళ్ళీ అక్కడ మొదలయ్యాయి. సందేశంలో "దాచుకోవడం తెలియనివాళ్ళు" అన్నది ఈమెనే.

అక్కడ ఉండిపోయినవాళ్ళ సంగతీ అంతే. 1982 చట్టం 1823కు ముందు నుంచి ఆ దేశంలో ఉన్న జాతులకే పుట్టుకతో పూర్తి పౌరసత్వం అంది. మనవాళ్ళలో ఎక్కువమంది వెళ్ళింది 1870ల తర్వాత. 1987లో బర్మానే అత్యంత వెనకబడిన దేశాల జాబితాలో చేరింది. అలాంటి చోట ఉన్న తెలుగువాణ్ణి పక్కనున్న బర్మావాడితో పోల్చి చూస్తే ఏమన్నా తెలుస్తుంది, మారిషస్‌లో ఉన్నవాడితో పోలిస్తే తెలిసేది ఆ రెండు దేశాల తేడా మాత్రమే.

మారిషస్ జంట వచ్చిన రోజున వాళ్ళ దగ్గర ఒక కాగితం నకలు ఉంది. ముత్తాత నంబరు, ఓడ పేరు, వయసు, తండ్రి పేరు, పొడుగు, ఒంటి మీద మచ్చ. జిల్లా గంజాం. ఊరి పేరు మటుకు గుమాస్తా చెవికి వినబడినట్టు రాసుకున్నాడు, అది ఏ ఊరో మేము ఎంత తన్నుకున్నా తేలలేదు. ఆ కాగితం చూపిస్తే వాళ్ళ దేశంలో అది కుటుంబ గౌరవం, దాచిపెట్టి అడిగినవాళ్ళకు నకలిచ్చే కార్యాలయం కూడా ఉంది. మా తాత రంగం పెట్టెలో ఉన్న కాగితం వేరు. విదేశీయుడిగా నమోదైన పుస్తకం, ఏటేటా రుసుము కట్టి ముద్ర వేయించుకోవాలి.

మొన్న ఆదివారం మేనల్లుణ్ణి పిలిచి ఆ పెట్టె తెరిచాను. వాడు పుస్తకం పేజీలు ఒక్కొక్కటీ తిప్పి, వేలు పెట్టి ముద్రలు లెక్కపెట్టాడు. ఆఖరిది 1963ది. "మరి దీని పక్కన ఖాళీగా ఉందేటి మావా?" అన్నాడు.