అయోడిన్-131 గారూ, మరి బస్సు సంగతేంటి?

మహారాజశ్రీ అయోడిన్-131 గారికి,

దేవరకొండ నుంచి నమస్కారాలు. థైరాయిడ్ అతిగా పనిచేస్తున్న మా అమ్మకు తాగించాల్సిన రేడియోధార్మిక మందు తమరు. ఈ రోజు తమరి దర్శనం కాలేదు. తమరు హైదరాబాద్ చేరారట, సీసం డబ్బాలో క్షేమంగా ఉన్నారట. కానీ తమరిని మా అమ్మకు ఇచ్చే అర్హత ఉన్న డాక్టర్ సార్ సెలవులో ఉన్నారు. కౌంటర్‌లో ఈ ముక్క చెప్పేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. అప్పటిదాకా "కూర్చోండి, పిలుస్తాం" అనే మాటే.

రూల్ తప్పని అనను. ఎముకల డాక్టరో, పళ్ల డాక్టరో వచ్చి తమరిని తాగిస్తానంటే నేనే ఒప్పుకోను. న్యూక్లియర్ మెడిసిన్‌లో ఎండీనో, రేడియేషన్ మెడిసిన్‌లో డిప్లొమానో ఉండాలి. రేడియేషన్ సేఫ్టీ ఆఫీసర్ ఉండాలి. ముంబైలోని అణుశక్తి నియంత్రణ బోర్డు లైసెన్స్ ఇచ్చి ఉండాలి. అన్నీ ఉండాల్సిందే. కాకపోతే సార్ సెలవు పెడితే పేషెంట్‌కు ఒక ఫోన్ కొట్టాలన్న రూల్ మాత్రం అణుశక్తి చట్టంలో లేదు, రేడియేషన్ రక్షణ నియమాల్లోనూ లేదు.

తమరి కోసం అమ్మ థైరాయిడ్‌ను అదుపులో ఉంచే మాత్ర ఆపింది. చేతులు వణుకుతున్నాయి, గుండె దడ. అయోడిన్ లేని ఉప్పు తెమ్మన్నారు. అట్లాంటి ఉప్పు తినడానికి అమ్మకూడదని 2006 నుంచి నిషేధం ఉందాయె. దాని కోసం అడిగితే కిరాణా షాపాయన నన్ను ఎగాదిగా చూశాడు.

పోనీయండి, ఇవన్నీ చిన్నవి. కూర్చోబెట్టినప్పుడు చేతిలో ఒక కాగితం పెట్టారు. తమరిని తాగాక పాటించాల్సినవట. మనుషులకు దూరంగా ఉండాలి. గర్భిణుల దగ్గరికి, చిన్నపిల్లల దగ్గరికి పోవద్దు. వేరే గదిలో పడుకోవాలి, వేరే బాత్రూం వాడాలి, రెండేసి సార్లు నీళ్లు పోయాలి. బస్సు ప్రయాణం వద్దు.

బస్సు వద్దా! మరి దేవరకొండకు ఎట్లా పోవాలో సెలవియ్యండి. మాకు రైలు లేదు. హైదరాబాద్ ఎంజీబీఎస్ బస్టాండ్‌లో బస్సెక్కితే, మహాలక్ష్మి పథకం పుణ్యమా అని అమ్మకు టికెట్ లేదు, సంతోషం. నిలబడే జాగా కూడా లేదు. పక్క సీట్లో కడుపుతో ఉన్న పిల్ల, ఆమె ఒళ్లో ఇంకో పసిది. "బిడ్డా, నా మెడలోంచి గామా కిరణాలు వస్తున్నయి, కొంచెం జరుగు" అని అమ్మ ఎవరితో చెప్పాలి? చెబితే కండక్టర్ దారిలో మాల్ అనే ఊరి దగ్గర దించేస్తాడు. చెప్పకపోతే ఆ పసిదాని సంగతి?

ముంబై నుంచి హైదరాబాద్ దాకా నీకు సీసం కవచం, పసుపు బోర్డు, రేడియేషన్ ఉందని చెప్పే మూడు రేకుల గుర్తు, అడుగడుగునా సంతకాలు. పెద్ద డోసు తీసుకున్న క్యాన్సర్ పేషెంట్‌ను వేరే గదిలో ఉంచి, మూత్రాన్ని కూడా వేరే ట్యాంకులో పట్టి, నీ బలం తగ్గాకే డ్రైనేజీలోకి వదులుతారు. చిన్న డోసు వాళ్లకు మాత్రం అదే రోజు కాగితం చేతిలో పెట్టి గేటు చూపిస్తారు. ఆ మూత్రానికి ఉన్న మర్యాద మా అమ్మకు లేదా? ఆ కాగితం రాసినాయనకు కారు ఉండి ఉంటుంది, ఇంట్లో రెండు బాత్రూంలు ఉండి ఉంటాయి. మాకు ఉన్నది ఒక్కటే, అదీ పెరట్లో, అన్నదమ్ములందరికీ ఉమ్మడి.

మా దగ్గర్లోనే లంబాపూర్, పెద్దగట్టు అనే ఊళ్లు. అక్కడ యురేనియం ఉందని తవ్వడానికి ఎప్పుడో బయలుదేరారు. తవ్వుకుపోవడానికి గుర్తొచ్చే మా జిల్లా, మందు తాగించడానికి గుర్తు రాదు. ఇక మా ఊరి ఎక్స్‌రే గది తలుపు మూసిన పాపాన పోదు, సీసం ఏప్రాన్ మేకు దిగదు. అక్కడ ఎవరూ ఎవరి డిప్లొమా అడగరు.

నీ మీద కోపం లేదులే. థైరాయిడ్ నిన్ను మామూలు అయోడినే అనుకుని లోపలికి లాక్కుంటుంది, నువ్వు చప్పుడు చేయకుండా నీ పని చేస్తావు. చాలామందికి ఒక్క డోసుతోనే తేలిపోతుందట. ఎనిమిది రోజులకు సగమవుతావు, ఆ తర్వాత ఎనిమిది రోజులకు అందులో సగం. ఈ వ్యవహారం మొత్తంలో టైము తప్పనివాడివి నువ్వొక్కడివే.

వచ్చే వారం రమ్మన్నారు. ఈసారి తిరుగు ప్రయాణానికి కారు కిరాయికి మాట్లాడాను. అమ్మ వెనక సీట్లో ఓ మూలకు కూర్చుంటుంది. "ఆ రోజు సార్ ఉంటారా?" అని అడిగాను.

"ఉండొచ్చు" అన్నారు.

ఇట్లు,
ఇంకా తమరిని తాగని పేషెంట్ కొడుకు