హోబీ బేకర్ గొప్పవాడే. మరి వాళ్లన్న?

మేముండేది న్యూజెర్సీలో, ప్రిన్స్‌టన్‌కి దగ్గర్లోనే. మావాడికి పదకొండేళ్లు, ఐస్ హాకీ అంటే ప్రాణం. వారానికి రెండు రోజులు ఇంకా తెల్లారకముందే వాణ్ణి లేపి రింకుకి, అంటే మంచు పరిచిన ఆటస్థలానికి తీసుకెళ్తాను. స్కేట్ల లేసులు నేనే కడతాను. కింద నుంచి ఒక్కో వరసా లాగుతూ రావాలి. మడమ దగ్గర కాస్త వదులైనా మంచు మీద కాలు మెలిక పడుతుంది. పూర్తయ్యేసరికి నా వేళ్లు చలికి కొంకర్లు పోతాయి.

మొన్న ఆ బెంచీ దగ్గరే ఇంకో పిల్లాడి నాన్న నాతో ఒక మాటన్నాడు. 2021 నుంచి అమెరికాలో కాలేజీ ఆటగాళ్లు తమ పేరు, ఫొటో వాడుకోనిచ్చి కంపెనీల దగ్గర డబ్బు తీసుకోవచ్చు కదా, దాంతో ఆట చెడిపోయిందట. "హోబీ బేకర్‌ని చూడండి, ఒక్క డాలర్ ముట్టలేదు" అన్నాడు. అప్పటికి ఊరుకున్నాను గానీ ఆ మాట ఇంకా మనసులో నలుగుతూనే ఉంది.

హోబీ బేకర్ వందేళ్ల కిందటి అమెరికన్ ఐస్ హాకీ స్టార్. అతనంటే నాకూ ఎంతో ఇష్టం. 1892లో ఫిలడెల్ఫియా పక్కన పేరున్న కుటుంబంలో పుట్టాడు. పదకొండేళ్లప్పుడు అన్న థార్న్‌టన్‌తో పాటు న్యూహాంప్‌షైర్‌లో సెయింట్ పాల్స్ అనే బోర్డింగ్ స్కూల్లో చేరాడు. అక్కడ రాత్రిపూట, చీకట్లో, గడ్డకట్టిన చెరువు మీద ఒంటరిగా ప్రాక్టీస్ చేసేవాడని చెబుతారు. పక్‌ని (ఐస్ హాకీలో బంతికి బదులు వాడే రబ్బరు బిళ్లని) కళ్లతో చూడకుండా కర్ర కొసతోనే పసిగట్టాలని అతని పట్టుదల. అప్పట్లో జట్టుకి ఏడుగురు. ఇతను రోవర్, అంటే ఒకచోటికి కట్టుబడకుండా మంచు మీదంతా తిరిగే ఆటగాడు. తన గోల్ వెనకనుంచి చుట్టు తిరిగి వేగం అందుకుని బయల్దేరితే జనమంతా లేచి నిలబడి "అదిగో వస్తున్నాడు!" అని అరిచేవారు. అతనికి పడ్డ పెనాల్టీలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆట అయ్యాక ఎదుటి జట్టు గదికి వెళ్లి ప్రతి ఒక్కరికీ చెయ్యి కలిపి వచ్చేవాడు. మావాడికి నేను పదే పదే చెప్పేది ఈ ఒక్క ముక్కే.

చదువయ్యాక న్యూయార్క్‌లో జె.పి. మోర్గన్ బ్యాంకులో ఉద్యోగం, సాయంత్రాలు సెయింట్ నికొలస్ క్లబ్బు తరఫున ఆట. మూడు సీజన్లకి ఇరవై వేల డాలర్లిస్తాం రమ్మని కెనడాలోని ప్రొఫెషనల్ జట్టు మాంట్రియల్ కెనేడియన్స్ అడిగితే కాదన్నాడంటారు. ఆ రోజుల్లో అది చాలా పెద్ద మొత్తం. అందరూ చప్పట్లు కొట్టేది ఇక్కడే. నా అభ్యంతరం కూడా ఇక్కడే. అలాంటి ఇంటి కుర్రాడు డబ్బుకి ఆడటమంటే అప్పట్లో పరువు తక్కువ పని. డబ్బు తీసుకుని ఆడేవాళ్లని ఆ వర్గం తమతో సమానంగా చూసేది కాదు. అమెచ్యూర్, అంటే డబ్బు తీసుకోకుండా ఆడేవాడు అనే మాటని గౌరవంగా వాడేవారు గానీ, పనికెళ్తే తప్ప పూట గడవని కుర్రాడికి ఆ గౌరవం అందేది కాదు. హోబీ తప్పేమీ లేదు, అతను ఆటని మనస్ఫూర్తిగా ప్రేమించాడు. కానీ అతని పేరు చెప్పి, ఈరోజు ఫీజుల కోసం నాలుగు డబ్బులు తీసుకునే పిల్లల్ని తిడితే మాత్రం నేను ఒప్పుకోను. మావాడి జట్టులో అందరికన్నా వేగంగా స్కేట్ చేసే పిల్లాడు పోయినేడాది మానేశాడు. వాళ్ల నాన్నకి ఉద్యోగం పోయింది. ఫీజులు, స్కేట్లు, ప్రయాణాలు, హోటళ్లు, ఎక్కణ్ణుంచి తెస్తాడు?

ఇంతకన్నా నన్ను బాధపెట్టేది థార్న్‌టన్ సంగతి. 1907 ఆర్థిక సంక్షోభంలో వాళ్ల నాన్న బాగా దెబ్బతిన్నాడు. ఇద్దరు కొడుకుల్లో ఒక్కణ్ణే కాలేజీకి పంపగలడు. తమ్ముడు వెళ్లనీ అని అన్న ఒప్పుకున్నాడు. అలా హోబీ ప్రిన్స్‌టన్‌లో అడుగుపెట్టాడు. ఆ తర్వాతి కీర్తి అంతా ఆ ఒక్క ఒప్పుకోలు మీద నిలబడింది. డబ్బు తీసుకోకుండా ఆడాడు, నిజమే. ఆ ఆటకి ఖరీదు కట్టింది మాత్రం వాళ్లన్న.

ఇది నాకు ఎందుకింత గుచ్చుకుంటుందంటే, మా పెదనాన్న పదో తరగతితో ఆపేశాడు. నాన్న ఇంజినీరింగ్ చదవాలంటే ఇంట్లో ఒకరు పొలం చూసుకోవాలి. పెదనాన్న చేతిరాత అచ్చు పుస్తకంలా ఉంటుంది. ఆ రాతతో నలభై ఏళ్లు ఎరువుల బస్తాల లెక్కలు రాశాడు. నాన్న చదువు వల్ల నేనిక్కడున్నాను, నా జీతం వల్ల మావాడు మంచు మీదున్నాడు.

హోబీ మొదటి ప్రపంచ యుద్ధంలో పైలట్‌గా ఫ్రాన్స్ వెళ్లాడు. యుద్ధం ముగిసింది, ఇంటికి వెళ్లమని ఉత్తర్వులు కూడా వచ్చాయి. 1918 డిసెంబర్ 21న, ఇంకొక్కసారి ఎగిరొస్తానని టూల్ దగ్గర రిపేరైన విమానం ఎక్కాడు. ఇంజిన్ ఆగిపోయింది. ఇరవై ఆరేళ్లకే పోయాడు. అతని పేరు మీద ప్రిన్స్‌టన్‌లో రింకు కడుతుంటే మైదానంలో బద్ధ ప్రత్యర్థులైన హార్వర్డ్, యేల్ యూనివర్సిటీల వాళ్లు కూడా చందాలిచ్చారు. 1923లో తెరిచిన ఆ రింకు ఇప్పటికీ ఉంది. 1981 నుంచి కాలేజీ హాకీలో ఉత్తమ ఆటగాడికి ఇచ్చే అవార్డు కూడా అతని పేరు మీదే. ఇవన్నీ అతనికి తగినవే. ఆ రింకులో ఒక మూల థార్న్‌టన్ గురించి రెండు వాక్యాలు ఉండాలన్నదే నా కోరిక.

పోయిన ఆదివారం లేసులు కడుతూ మావాడికి ఈ కథంతా చెప్పాను. వాడు హెల్మెట్ పెట్టుకోబోతూ ఆగి, "వాళ్లన్నకి కోపం రాలేదా నాన్నా?" అన్నాడు. ఏం చెప్పాలో తోచలేదు. మా పెదనాన్ననే నేను ఎప్పుడూ ఆ మాట అడగలేదు.