విండోస్ 11: వాయిదా పక్షాన ఒక నివేదన

కంప్యూటరును నడిపించే విండోస్ 10 అనే సాఫ్ట్‌వేరుకు 2025 అక్టోబరు 14న మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసింది. అంటే దానికి మామూలుగా అందే భద్రతా సవరణలు ఆగిపోయాయి, ఇక విండోస్ 11కు మారమని సంస్థ సలహా. మర్నాడు యథావిధిగా తెల్లవారింది. దేశంలోని కంప్యూటర్లు ఎప్పటిలాగే తమకు తోచినంత సేపు ఆలోచించుకుని తెరుచుకున్నాయి, టాలీలో లెక్కలు తేలాయి, కరెంటు బిల్లుల చెల్లింపు సాగింది. ఏమీ జరగలేదు గనుక ఏమీ చేయనక్కరలేదన్న అభిప్రాయం దీనివల్ల జనంలో బలపడుతోందని తెలిసినవారు ఆందోళన చెందుతున్నారు. ఆ అభిప్రాయాన్ని ఖండించడానికి ఎందరో ఉన్నారు. దానికి తగిన శాస్త్రీయ పునాది వేయడానికి ఎవరూ ముందుకు రాకపోవడం చేత ఆ బాధ్యత నేను స్వీకరిస్తున్నాను.

ఆ మార్పును వాయిదా వేసేవాణ్ణి బద్ధకస్తుడనడం తేలిక. నిజానికి అతడు ఎదుటివారి మాట నమ్మినవాడు. 2015 మే నెలలో షికాగోలో జరిగిన ఇగ్నైట్ సదస్సులో మైక్రోసాఫ్ట్ ఉద్యోగి ఒకరు, విండోస్ 10యే ఆఖరి విండోస్ అని వేదిక మీద చెప్పారు. ఇకమీదట కొత్త కొత్త అంకెలు ఉండవనీ, ఉన్నదానికే మెరుగులు దిద్దుతూ పోతారనీ లోకం దాన్ని అర్థం చేసుకుంది. ఆరేళ్లు తిరిగి 2021 అక్టోబరు 5న పదకొండు వచ్చింది. ఇవే నా చివరి ఎన్నికలని కన్నీళ్లు పెట్టుకున్న నాయకులను ఆ తర్వాత కూడా గెలిపిస్తూ వచ్చిన ఓటర్లం గనుక మనమేమీ నొచ్చుకోలేదు. అయితే పదిని ఆఖరిదని చెప్పిన సంస్థే పదకొండు తప్పనిసరి అని చెబుతున్నప్పుడు, ఆ రెండో మాటను కూడా కొంతకాలం నానబెట్టి చూడటంలో అమర్యాద ఏమీ లేదు.

ఇక చరిత్ర సాక్ష్యం చూద్దాం. 2001లో ఎక్స్‌పీ అనే విండోస్ వచ్చింది, అందరూ మెచ్చుకున్నారు. 2007లో విస్టా వచ్చింది. ఏ పని చెప్పినా ముందు తెర నల్లబరిచి, నిజంగానే చేయమంటారా అని అడిగేది. 2009లో ఏడు వచ్చి ఆ గాయం మాన్పింది. 2012లో ఎనిమిది వచ్చి స్టార్ట్ బటన్‌నే ఎత్తుకుపోయింది. మరుసటి ఏడాది 8.1 రూపంలో దాన్ని తెచ్చి యథాస్థానంలో పెట్టారు. 2015లో పది వచ్చి మళ్లీ ఊపిరి పోసింది. ఈ క్రమాన్ని శ్రద్ధగా గమనిస్తే, ఎక్స్‌పీ నుంచి ఏడుకూ, ఏడు నుంచి పదికీ దూకిన బద్ధకస్తుడు జీవితంలో విస్టానూ చూడలేదు, ఎనిమిదినీ చూడలేదు. ఉత్సాహవంతుడు మాత్రం అన్నీ చూశాడు. ఒకటి విడిచి ఒకటి అన్న ఈ సూత్రం ప్రకారం పదకొండు విడిచిపెట్టవలసిన వరుసలోకి వస్తుంది. మధ్యలో 8.1ని లెక్కలోకి తీసుకుంటే సూత్రం తప్పుతుంది గదా అని కొందరు పేచీ పెడతారు. తీసుకోకపోతే సరిపోతుంది. తొమ్మిది అనే అంకెనే ఎగ్గొట్టి ఎనిమిది నుంచి పదికి నడిచిన సంస్థ విషయంలో మనకు మాత్రం ఆ వెసులుబాటు ఎందుకు ఉండకూడదు?

వాయిదా వేయకుండా తక్షణమే మారిపోవాలని తహతహలాడినవారి సంగతి మరీ దయనీయం. పదకొండుకు 4 జీబీ ర్యామ్, 64 జీబీ నిల్వ చాలునని ప్రకటనలో ఉంటుంది. అది చదివి మురిసిపోయి పరీక్షించుకుంటే, ప్రాసెసరు ఇంటెల్‌లో ఎనిమిదో తరానిది అయి ఉండాలనీ, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు ఉండాలనీ, నమ్మదగిన సాఫ్ట్‌వేరుతోనే కంప్యూటరు మొదలయ్యేలా చూసే సెక్యూర్ బూట్ ఉండాలనీ ఒక్కొక్కటే బయటపడతాయి. 2017లో ముచ్చటపడి కొన్న ఏడో తరం కంప్యూటరు సినిమా ఆడుతుంది, వీడియో కాల్ మోస్తుంది, పిల్లవాడి ప్రాజెక్టుకు ప్రింటు తీస్తుంది. అబ్బాయి బుద్ధిమంతుడు, ఉద్యోగస్తుడు, అయినా జాతకంలో గణం కుదరలేదని సంబంధం తిప్పి పంపినట్టు, దానికి ఎర్ర గుర్తు పెట్టి పంపుతారు. అయితే ఏడో తరంలోనే కోర్ ఐ7-7820హెచ్‌క్యూ అనే ప్రాసెసరుకు మాత్రం ప్రత్యేక అర్హత లభించింది. అది మైక్రోసాఫ్ట్ వారు స్వయంగా అమ్మిన సర్ఫేస్ స్టూడియో 2లో ఉండే ప్రాసెసరు. వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిలో కూర్చున్నా ఫరవాలేదని మన పెద్దలు ఎన్నడో తేల్చారు గనుక దీనిమీద వ్యాఖ్య అనవసరం.

కొన్ని కంప్యూటర్లలో ఆ టీపీఎం ఉండనే ఉంటుంది, కాకపోతే బయోస్‌లో, అంటే విండోస్ కంటే ముందు మేలుకునే అమరికల తెరలో, ఆపివేసి ఉంటుంది. దాన్ని మేలుకొలపాలంటే పవర్ బటన్ నొక్కిన మరుక్షణం డిలీట్ గానీ ఎఫ్2 గానీ టపటపా కొట్టాలి. మానిటరు కళ్లు తెరిచేసరికే ఆ క్షణం దాటిపోయి విండోస్ స్వాగతం పలుకుతూ ఉంటుంది. అది తప్పించుకుని లోపలికి వెళ్లగలిగినా టీపీఎం అనే పేరుతో అక్కడ ఎవరూ ఉండరు. ఇంటెల్ బోర్డుల్లో అది పీటీటీ అనీ, ఏఎండీ బోర్డుల్లో ఎఫ్‌టీపీఎం అనీ చెలామణి అవుతుంది. కొన్ని యంత్రాల్లో ఆ తెర మీద మౌసు కూడా పని చేయదని తెలిసిన పెద్దమనుషులు చాలామంది ఆ క్షణంలోనే వాయిదా పక్షంలో చేరిపోతారు. మేము వారిని సాదరంగా ఆహ్వానిస్తున్నాము.

మా సిద్ధాంతానికి అసలైన గుర్తింపు మాత్రం సాక్షాత్తూ మైక్రోసాఫ్ట్ నుంచే లభించింది. పదిలోనే ఉండిపోయినవారికి 2026 అక్టోబరు 13 వరకు భద్రతా సవరణలు అందించే పథకాన్ని వారు ప్రకటించారు. 30 డాలర్లు చెల్లించవచ్చు. లేదా వారి సెర్చ్ ఇంజన్ బింగ్‌లో వెదికీ వెదికీ కూడబెట్టుకున్న 1,000 రివార్డు పాయింట్లు సమర్పించవచ్చు. లేదా మన సెట్టింగులను వారి క్లౌడ్‌లో దాచుకోవడానికి ఒప్పుకుంటే రుసుము లేదు. ఏ దారిన వెళ్లినా వారి ఖాతా ఒకటి తెరిచి లోపలికి అడుగుపెట్టాలి. ఐరోపా ఆర్థిక ప్రాంతంలో ఉన్నవారికి, అక్కడి వినియోగదారుల సంఘాలు గట్టిగా నిలదీసిన మీదట, క్లౌడ్ షరతు లేకుండానే ఉచితంగా ఇచ్చారు. మన దగ్గర ఎవరూ నిలదీయలేదు, ఎందుకంటే ఆ నిలదీసే పనిని కూడా మనం వాయిదా వేశాము. ఏదేమైనా, ఇన్నాళ్లూ బద్ధకమని తిట్టిన దానికే ఒక ధరా ఒక గడువూ నిర్ణయించి దుకాణంలో పెట్టడం మా పక్షానికి ఘనవిజయం.

సిద్ధాంతం తెలియకపోయినా ఆచరణలో మహర్షి అనదగిన వ్యక్తి ఒకరు మా ఊరి బస్టాండు పక్కన డీటీపీ సెంటరు నడుపుతున్నారు. ఆయన యంత్రంలో ఇప్పటికీ ఎక్స్‌పీయే నడుస్తోంది. దానికి మద్దతు ముగిసింది 2014 ఏప్రిల్ 8న. అందులో పేజీలు కూర్చే పేజ్‌మేకర్ 7, దాంట్లో అను ఫాంట్లు. ఆ పేజ్‌మేకర్ 2001 నాటిది, దానికి తర్వాతి వెర్షన్ పుట్టనే లేదు. ఆ ఫాంట్లలో తెలుగు అక్షరాలు ఇంగ్లీషు అక్షరాల గదుల్లో అద్దెకు ఉంటాయి గనుక, ఫాంటు లేని కంప్యూటరులో తెరిస్తే శుభలేఖ మొత్తం పిచ్చి గీతల పాలవుతుంది. కీబోర్డు మీద అక్షరాలు అరిగిపోయి నున్నగా మెరుస్తున్నా, ఆయన వేళ్లు తడుముకోకుండా వత్తుల మీద వత్తులు వేస్తూ పోతాయి. ఇంటర్నెట్ తీగ ఏనాడో పీకేసి చుట్టచుట్టి మేకుకు తగిలించారు. కొత్తదానికి మారవచ్చు గదా అని ఒక కాలేజీ కుర్రాడు సలహా ఇస్తే, ఆయన తెర మీద నుంచి చూపు తిప్పకుండా, "మారొచ్చు బాబూ. పెళ్లికొడుకు ఇంటిపేరులో వత్తు పక్కకు జరిగితే వియ్యంకుడికి సమాధానం చెప్పేది నువ్వా, నేనా?" అన్నారు. తెర మీద అప్పుడే 'అవిఘ్నమస్తు' పడుతోంది.

ప్రత్యర్థుల వాదనలో బలమైనది ఒకటి ఉంది, దాన్ని దాచడం ధర్మం కాదు. 2017 మే 12న వాన్నాక్రై అనే వైరస్ ప్రపంచం మీద పడి, ఫైళ్లకు తాళం వేసి బిట్‌కాయిన్లు అడిగింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. దానికి విరుగుడైన సవరణను మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందే, మార్చి 14న, విడుదల చేసింది. దాన్ని వేసుకోవడం వాయిదా వేసినవారే ఎక్కువగా చిక్కుకున్నారు. తీగ పీకేసిన డీటీపీ మహర్షికి ఏ భయమూ లేదు గానీ, సవరణలు ఆగిపోయిన యంత్రంలో బ్యాంకు ఖాతా తెరిచి కూర్చునేవారు మా పక్షం పేరు చెప్పుకోవద్దని మనవి. మా అభ్యంతరం వేరు. దొంగలు పడే దారిని మూసే సవరణ కావాలని అడిగినవాడి మీద, ఆ సవరణతో పాటు స్టార్ట్ బటన్ మధ్యకు జరగడాన్నీ, కుడి క్లిక్ చేస్తే సగం మెనూ మాత్రమే కనబడి మిగతా సగానికి మరో నొక్కు నొక్కవలసి రావడాన్నీ, కోపైలట్ అనే కృత్రిమ మేధ సహాయకుడి పలకరింపులనూ కలిపి మోపడం దేనికి? 2024లో ప్రకటించిన రీకాల్ అయితే కొద్ది క్షణాలకొకసారి తెర మొత్తాన్ని ఫోటో తీసి దాచిపెట్టే ఏర్పాటు. జనం గగ్గోలు పెడితే మైక్రోసాఫ్ట్ దాని విడుదలను దాదాపు ఏడాది వాయిదా వేసి, ఇష్టపడినవారికి మాత్రమేనన్న షరతుతో, 2025 ఏప్రిల్‌లో కొన్ని కొత్తరకం కంప్యూటర్లకు ఇచ్చింది. వాయిదా ఎంత మేలు చేస్తుందో వారికి కూడా తెలుసునన్నమాట.

విండోస్‌కు బదులు ఉచితంగా దొరికే లినక్స్ వేసుకుంటే ఈ గొడవే ఉండదని ప్రతి బంధువర్గంలోనూ ఒక మేనల్లుడు చెబుతాడు. అతడు చెప్పేది అక్షరాలా నిజం. అది విన్నవారెవరూ కాదనరు, వేసుకోనూ వేసుకోరు.

ఇక మిగిలింది ముహూర్తం. 2026 అక్టోబరు 13 గడువు శరన్నవరాత్రుల నడుమ పడుతోంది. మరో వారంలో ఆయుధపూజ. పదేళ్లు చాకిరీ చేసిన యంత్రానికి పసుపు కుంకుమలు పెట్టే వేళ దాని కడుపు కోసి కొత్త ప్రాణం పోయడం భావ్యం కాదు. తర్వాత దీపావళి బోనసు వచ్చేదాకా కొత్త కంప్యూటరు మాట ఎత్తలేము. కార్తీకంలో ఇల్లాలు ఉపవాసాల్లో ఉంటుంది, పాస్‌వర్డులు రాసిన పుస్తకం ఆమె దగ్గరే ఉంటుంది. ఆపైన ధనుర్మాసం, పుష్యం, శుభకార్యాలు పనికిరావు. సంక్రాంతికి డల్లాస్ నుంచి అబ్బాయి వస్తాడు గనుక, ఆ పది రోజుల సెలవులో కనుమ మర్నాడు ఈ విషయాన్ని అతడి ముందు పెట్టాలని మా పక్షం ఏకగ్రీవంగా తీర్మానించింది. అప్పటికి పన్నెండు గురించి ఏదైనా కబురు తెలిస్తే, తీర్మానాన్ని పునఃపరిశీలించే హక్కు మాకు ఉంది.